లోయ ఆరింది

జనవరి 27

బావమరిది గారికి,

ఈ గారు ఏమిటని కంగారుపడకు. కొండ కొసన నిచ్చెనెక్కి కూర్చున్నవాణ్ణి కిందివాళ్లు అలాగే పిలవాలి. దిగి వచ్చాక మళ్లీ ఒరేయే.

మేం బాగున్నాం. మీ అక్క మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. పోయినసారి నువ్వు రాసిన ఉత్తరం ఇది: "బియ్యం అందాయి. నిచ్చెన మెట్టు విరిగింది. బాగుచేశాను. ఉంటాను." కాగితానికి ఖరీదుంటుంది, ఒప్పుకుంటాను. మాటకి ఖరీదు కట్టింది ఎవర్రా? మీ అక్క ఆ కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది, పాపం, అక్కడేమైనా మిగిలిందేమోనని.

ఇక్కడ తేనెటీగలు ఈ ఏడు నన్ను అడక్కుండానే పని మొదలెట్టాయి. పొదలు నెల ముందే పూశాయి. చలికాలం పొద్దున్నే పెట్టె మూత ఎత్తితే చేతికి మంచు తడి తగిలేది కదా, ఈసారి ఒక్కనాడూ తగల్లేదు. రాత్రిళ్లు దుప్పటి కాళ్ల దగ్గరే ఉంటోంది. పాత పత్రికలో చదివాను, గాలి వేడెక్కిన కొద్దీ దానికి దాహం పెరుగుతుందట. ఆకులోంచీ మట్టిలోంచీ తడిని లాగేసుకుంటుందట. క్షవరం షాపులో ఈ సంగతి చదివి వినిపిస్తే మన మంగలి "గాలి సంగతేమో గాని మీరు చదువుతుంటే నాకు దాహం వేస్తోందండీ" అన్నాడు. సబ్బు నురగ మొహంతో ఉన్నాను కాబట్టి బతికిపోయాడు.

అసలు సంగతికొస్తాను. ఫిబ్రవరి వచ్చేస్తోంది. కాలనీ చుట్టూ ఫైర్‌లైన్ కాల్చాలి. మొదట లోయ వైపు, తర్వాత మిగతా మూడు వైపులూ. నీకు నేను చెప్పాలా, వాలు మీద గడ్డి ఎండి ఉండాలి, దిగువన వాగు లోయ తడిగా ఉండాలి. మనం అంటించిన మంట గడ్డిని మేసుకుంటూ దిగి, లోయ అంచున తడి ఆకు తగిలి తనంతట తనే చచ్చిపోవాలి. ఎండాకాలం అడవి నిజంగా అంటుకున్నప్పుడు ఆ నల్లటి పట్టీ దాటి మంట మన ఇళ్ల మీదికి రాదు. నాకు మీసాలు నల్లగా ఉన్నప్పటినుంచీ ఇదే వారం, ఇదే లోయ.

చిక్కల్లా ఒకటే. లోయకి ఇటు మేమైతే అటు గట్టు మీద నువ్వూ, అడవి మంటలు కనిపెట్టే నీ కర్ర టవరూ. అందుకని మీ అక్క షరతు పెట్టింది. "మా తమ్ముడు కబురు పంపేదాకా ఎవరి చేతిలోనూ అగ్గిపుల్ల కనిపించకూడదు" అంది. ఫైర్‌లైన్ కాల్చే జట్టులో అందరూ తలూపారు. నేను కూడా. ఆవిడ ముందు తలూపడం నాకు బాగా అలవాటు.

లోయ తడి గురించి నిన్ను అడగను. అది ఏప్రిల్ దాకా ఎక్కడికీ పోదు. నాకు కావలసింది వేరు. నాలుగైదు రోజులుగా లోయ మధ్యలో సన్నటి పొగ కనిపిస్తోంది. ఏ దుంగో లోపల్లోపల రాజుకుంటున్నట్టుంది. అది ఉండగా మనం ఇంకో మంట పెడితే రెండూ చేతులు కలుపుతాయి. ఆ పొగ పోయిందా, ఉందా? ఒక్క ముక్క రాయి చాలు. నీకు అంతకంటే రాదు కూడా.

ఆ కొండకి ఫోను సిగ్నలు ఎక్కదు, వైర్‌లెస్‌లో ఇంటి మాటలు మాట్లాడకూడదని మీ అటవీ ఆఫీసు రూలు. కాబట్టి వారానికోసారి వచ్చే సరుకుల వ్యానే మనకు దిక్కు. డ్రైవరు రేపు ఇది నీకిచ్చి నీది పట్టుకొస్తాడు.

మీ అక్కని కట్టుకుని ఇంకా బతికున్నవాడు,
బావ


జనవరి 28

బావా,

లోయ ఆరింది. గాలి మధ్యాహ్నాలు మారుతోంది. అక్కని మెట్లు ఎక్కువ ఎక్కొద్దనండి. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, తొందర.

జాగ్రత్త.

బావమరిది


ఫిబ్రవరి 1

ఒరే బంగారు తండ్రీ,

ఇన్నాళ్లకి పనికొచ్చే ఉత్తరం రాశావు. అడిగినదానికి అడిగినట్టు జవాబు. "లోయ ఆరింది." శుభం. ఆ దుంగ పొగ నా కంటికి ఇంకా అప్పుడప్పుడు కనిపిస్తున్నట్టే ఉంది గాని, నా కళ్లజోడు కొన్నప్పుడు నీకింకా మీసాలు రాలేదు, దాన్ని నమ్మను. పైనుంచి చూసేవాడివి నువ్వు, నువ్వు ఆరిందంటే ఆరింది.

నిన్న క్షవరం షాపులో జట్టు కూడింది. నీ ఉత్తరం నిలబడి చదివాను. నీ ఉత్తరానికి కూర్చునే వ్యవధి ఎక్కడుంది? చదవగానే మన కండక్టరమ్మ, అదే, బస్సులో పావలా చిల్లరకి కూడా నిలదీసేది, లేచి అడిగింది.

"ఆరిందంటే ఏం ఆరిందండీ? పొగ ఆరిందా, నేల ఆరిందా?"

"అమ్మా, నేనడిగింది పొగ గురించి. మావాడు చెప్పిందీ పొగ గురించే."

"పొగ అని రాయలేదుగా. లోయ అని రాశాడు."

"ఫిబ్రవరిలో లోయ నేల ఎక్కడైనా ఆరుతుందా? నువ్వు బట్టలారేసుకోవడం గురించి ఆలోచిస్తున్నావు, నేను మంట ఆర్పడం గురించి ఆలోచిస్తున్నాను" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. టిక్కెట్లు చింపి చింపి ఆవిడకి ప్రతి మాటా రెండు ముక్కలుగా కనిపిస్తుంది.

మీ అక్క కూడా ఉత్తరం తీసుకుని చూసుకుంది. "జాగ్రత్త అని ఎందుకు రాశాడు?" అంది. ఉత్తరం చివర జాగ్రత్త అని రాయకపోతే ఇంకేం రాస్తారు అన్నాను. మా పెళ్లప్పుడు మీ నాన్నగారు నాకు రాసిన మొదటి ఉత్తరంలో జాగ్రత్త అనే మాట ఏడు చోట్ల ఉంది, ఎవరి గురించో మాత్రం ఆయన చెప్పలేదు, ఇప్పుడిప్పుడే నాకు అర్థమవుతోంది.

ఆఫీసులో కాగితం పెట్టాం. తేదీ చూసి "ప్రతి ఏడూ ఇదే వారం కదా" అని ముద్ర వేసిచ్చారు. మంగళవారం పొద్దున లోయ వైపు అంటిస్తాం. వ్యాను నీ దగ్గరికి చేరేసరికి మా పని సగం అయిపోయి ఉంటుంది. పొగ చూసి కంగారుపడి వైర్‌లెస్ కొట్టకు, అది మేమే. కాళ్లు చాపుకుని కూర్చుని చూడు. టిక్కెట్టు లేని సినిమా.

సంతోషంగా,
నీ బావ


ఫిబ్రవరి 4

బావా,

ఆపు. ఈ మాట నీకు ఎలా చేరుతుందో తెలీదు. అయినా ముందు అదే రాస్తున్నా. ఆపు.

నీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. చదువుతుండగానే మీ వాలు మీద పొగ లేచింది. లోయ ఆరింది అంటే ఎండిపోయింది అని. పోయిన నెల ఆఖర్లో దిగి చూశాను. రాళ్ల సందుల్లో నీళ్లు లేవు. నాచు చేత్తో నలిపితే పొడైపోయింది. ఆకు కాళ్ల కింద పటపటమంది. ఇన్నేళ్లలో అలాంటి లోయ నేను చూడలేదు. కాల్చొద్దని చెప్పడానికే జాగ్రత్త అని రాశాను. నీ ప్రశ్న నేను చదివింది వ్యాన్ వెళ్లిపోయాక. పొగ గురించి అడిగావని చూశాను. లోయ ఆరిందని రాసేశాను కదా, ఇక కాల్చరులే అనుకున్నాను. ఆ దుంగ పొగ ఇంకా ఉంది.

ఆఫీసుకి వైర్‌లెస్ కొట్టాను. "పర్మిషన్ ఉన్న మంటేనయ్యా" అన్నారు. లోయలో తడి లేదని మళ్లీ చెప్పాను. మనిషిని పంపిస్తున్నాం అన్నారు. డ్రైవర్ని కూడా మీ దగ్గరికి తరిమాను. అతను దిగేసరికి ఏమవుతుందో.

మంట లోయ అంచుకొచ్చింది. ఆగుతుందని అలవాటు కొద్దీ చూస్తున్నాను. ఆగలేదు. అంచు దాటి లోపలికి దిగింది. దిగడం కాదు, దూకింది.

గాలి మారింది. మంట ఇటు తిరిగింది. మీ వైపు రాదు. అక్కకి ముందు ఆ మాట చెప్పు.

నేను ఇప్పుడే దిగకూడదు. తూర్పు గట్టు కింద కలప కొట్టేవాళ్ల గుడిసెలున్నాయి, పిల్లలున్నారు. మంట ఎటు పోతోందో నేను పైనుంచి చెబుతుంటేనే ఆఫీసువాళ్లు వాళ్లని తప్పించగలరు. చెబుతున్నాను. పొగలో గుడిసెలు కనిపించడం మానేశాయి. గొంతు రావడం లేదు.

గుడిసెలవాళ్లు బయటపడ్డారని కబురొచ్చింది. దిగుతున్నా. ఇది జేబులో పెట్టుకుంటున్నా.

బావా, నీ మీద కోపంగా ఉంది.


ఫిబ్రవరి 6

ఒరేయ్,

ఎక్కడున్నావురా?

గట్టు మీద టవరు లేదు. ఉన్నచోట నల్లటి గట్టు ఉంది, అంతే. నా పాడు కళ్లజోడుతో చూశాను, కండక్టరమ్మ మంచి కళ్లతో చూసింది, ఇద్దరికీ అదే కనిపించింది. ఆఫీసు మెట్ల మీద నిన్నంతా కూర్చున్నాను. "వెతుకుతున్నారు" అంటున్నారు. ఎవరు, ఎక్కడ, ఏ వైపు అంటే "పెద్దాయనా, ఇంటికెళ్లండి" అంటున్నారు. ఇంటికెళ్లడం ఎంత కష్టమో వాళ్లకి తెలీదు. ఇంట్లో మీ అక్క ఉంది.

మంగళవారం సంగతి చెబుతాను. నువ్వు వినలేకపోయినా చెబుతాను. నేనే అంటించాను. పుల్ల గీసింది నేను. గడ్డి ఎప్పటిలాగే కాలింది, ముచ్చటగా, గొర్రెల మంద దిగినట్టు. మంగలి కథ చెబుతున్నాడు, మేం నవ్వుతున్నాం. లోయ అంచుకి చేరాక మేం పారలు భుజాన వేసుకుని వెనక్కి తిరిగాం, ఎందుకంటే ప్రతి ఏడూ అక్కడితో పని అయిపోతుంది. వీపు వెనక చప్పుడు వినిపించింది. వర్షం పడుతున్న చప్పుడనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణో చూడు, వర్షం అనుకుని సంతోషించాను.

తిరిగి చూసేసరికి లోయంతా ఒక్కసారే ఎర్రబడింది. పారలతో పరిగెత్తాం. దగ్గరికి పోతే కనుబొమలు కాలాయి. డ్రైవరు వ్యాన్ దూకించి దిగి అరిచాడు, "కాల్చొద్దన్నాడు, లోయ ఎండిపోయిందన్నాడు" అని. అప్పుడు నాకు నీ ఉత్తరం అర్థమైంది. అక్షరం మారలేదు, నా చెవి మారింది. కండక్టరమ్మ నా చేతిలోంచి పార తీసుకుని పక్కన పెట్టింది. తిడితే బాగుండేది.

మంట మా నుంచి నీ వైపు తిరగడం మీ అక్క గుమ్మంలో నిలబడి చూసింది. మన ఇల్లు దక్కిందని పక్కింటివాళ్లు ఆవిడ చేతులు పట్టుకున్నారు. చేతులు విడిపించుకుంది. అప్పటినుంచీ నాతో మాట్లాడలేదు. అన్నం పెడుతోంది. కంచం చప్పుడు కాకుండా పెడుతోంది.

ఈ ఉత్తరం డ్రైవరుకిస్తున్నాను. ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగాడు. ఎక్కడున్నా అని చెప్పాను.

బావ


ఫిబ్రవరి 19

బావా,

ఇది ఆసుపత్రిలో నర్సమ్మ చేత రాయిస్తున్నాను. చేతులకి కట్లున్నాయి. నేను చెప్పినదానికంటే ఎక్కువ రాయొద్దని చెప్పాను. ఆవిడ బాధపడింది.

నిచ్చెన సగంలో ఉండగా టవరు కాళ్లు అంటుకున్నాయి. చేతులు అప్పుడే కాలాయి. వెనక బండ మీదుగా జారి నెర్రెలో పడుకున్నాను. మంట మీదనుంచి పోయింది. వాగు కట్ట పనికొచ్చిన మేస్త్రీలు చూసి మోసుకొచ్చారు. పేరడిగితే చెప్పలేకపోయానట, అందుకే ఆలస్యం.

జేబులో కాగితం మాడలేదు, దీనితో పంపిస్తున్నాను. అందులో నువ్వు అని రాశాను. క్షమించండి. ఆఖరి వాక్యం మాత్రం తీసెయ్యను.

తప్పు మీ ఒక్కరిదే అని కూడా అనను. ఇంకో ముక్క రాసి ఉంటే సరిపోయేది.

మిగతా మూడు వైపులూ గడ్డి అలాగే ఉంది. అది మర్చిపోకండి.

అక్కని రమ్మనండి.

బావమరిది


జూలై 11

బావమరిదీ,

నువ్వు ఇంటికెళ్లి చేతులు మడవడం నేర్చుకుంటున్నావని మీ అక్క చెప్పింది. అవును, నాతో మాట్లాడుతోంది. కావలసినంత మాత్రమే, నీ పద్ధతిలో. ఇన్నేళ్లూ నేను నిన్ను మాటల పిసినారి అని వెక్కిరించినందుకు ఇంట్లోనే ఒకరిని పెట్టి పగ తీర్చుకుంటున్నావు.

నీ ఉత్తరాలన్నిటిలోనూ ఒకటే పాట. మిగతా మూడు వైపులా కాల్చాలి, కాల్చాలి. నేను ఇక పుల్ల గియ్యనురా. పొయ్యి కూడా మీ అక్కే వెలిగిస్తోంది. ఈ ఎండాకాలం రెండుసార్లు మూటలు కట్టుకుని బడి భవనంలో పడుకున్నాం. ఉత్తరం వైపు అడవి దానంతటదే అంటుకుంది, వర్షం లేని పిడుగు పడి. ఇళ్ల దాకా రాకపోవడం మా గొప్ప కాదు, గాలి దయ.

వానలు నెల ఆలస్యంగా వచ్చి నెల వాన వారంలో కురిసి పోయాయి. గడ్డి కళ్ల ముందే లేస్తోంది. చూడ్డానికి పచ్చగా ఎంత బాగుందో. మంగలి అన్నాడు, "ఇదంతా ఎండితే ఏమవుతుందండీ?" అని. ఆ మాటకి సగం క్షవరంతోనే లేచి ఇంటికొచ్చేశాను.

బావ


అక్టోబరు 20

బావా,

ఇది నా చేతి రాతే. వంకరగా ఉంది, చదువుకోండి.

ఇనుప టవరు కట్టారు. వచ్చే నెల చేరుతున్నాను. కాలిన లోయలో గడ్డి అన్నిటికంటే ముందు లేచింది. పాత వారం ఇక పనికిరాదు. తడి ఈ ఏడు ఎప్పుడుంటుందో ఎవరికీ తెలీదు. అది చూసి చెప్పడానికి ఒకరు అక్కడుండాలి, విని కాల్చడానికి ఒకరు ఇక్కడుండాలి. మీరు పుల్ల గియ్యనంటే ఆ పని కొత్తవాళ్లెవరో చేస్తారు. వాళ్లు నాకు రాయరు.

అక్కకి మీరే చెప్పండి. నాకు భయం.

బావమరిది


డిసెంబరు 14

బావమరిదీ,

నీ టవరు కింద రేకుల గదిలో మీ అక్క చేత వండించుకుంటూ నువ్వు సుఖంగా ఉన్నావు, ఇక్కడ నేను రోజూ మాడిన అన్నం తింటున్నాను. ఆవిడ అక్కడికి ఎలా వచ్చిందో నీకు చెప్పి ఉండదు. నేను చెబుతాను, ఆవిడకి చూపించకు.

నీ ఉత్తరం వచ్చిన పూట ధైర్యం తెచ్చుకుని చెప్పాను. వాడు మళ్లీ వెళ్తాడట అని. ఆవిడ బియ్యం ఏరుతోంది. ఏరుతూనే ఉంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. చివరికి చాట పక్కన పెట్టి అంది:

"మీ ఇద్దరికీ ఉత్తరం రాయడం రాదు. వాడు రాస్తే ఏం రాశాడో తెలీదు. మీరు రాస్తే ఎందుకు రాశారో తెలీదు. ఈ ఏడు నేను రాస్తాను."

"నువ్వెక్కణ్ణించి రాస్తావు?"

"వాడి దగ్గర్నించి. లోయలోకి నేనే దిగుతాను."

"మోకాళ్లు?"

"మోకాళ్లు నావి. మీరు వాటి గురించి కూడా ఉపన్యాసం ఇవ్వకండి."

వ్యాన్‌లో ముందు సీటులో కూర్చుంది. గుమ్మం దాకా వచ్చి ఏదైనా అనాలని చూశాను. ఆవిడే అద్దం దించి, "కాల్చే రోజు పుల్ల మీరే గియ్యాలి. వేరేవాళ్లు గీస్తే ఒప్పుకోను" అంది. అది శిక్షో, క్షమించడమో నాకింకా తెలియలేదు. డ్రైవర్ని అడిగితే "రెండూనేమోనండీ" అన్నాడు.

నిన్న ఆవిడ మొదటి ఉత్తరం వచ్చింది. జట్టంతా క్షవరం షాపులో కూడాం. నేను చదవనన్నాను, కండక్టరమ్మ చదివింది. పేజీన్నర. వాగు మొదట్లో పెద్ద బండ కింద మట్టి ముద్దకడుతోందట. మధ్య మలుపు దగ్గర పైన పొడి, వేలు దించితే తడి. ఆఖర్న, నీ వైపు ఎక్కే చోట, మోచెయ్యి దాకా తవ్వినా తడి లేదట. మట్టి చేతికి అంటలేదట. కింద ఇలా ఉంది: "మొదటి రెండు చోట్లా చూసి తొందరపడకండి. కాల్చొద్దు. వాన పడితే మళ్లీ దిగి చూసి రాస్తాను. అప్పటిదాకా వద్దు."

"ఇందులో రెండో అర్థం ఏదైనా ఉందా?" అని మంగలి అడిగాడు. కండక్టరమ్మ ఇంకోసారి చదివింది. లేదంది.

ఒరే, గడ్డి నడుం దాకా ఉంది. ఎండిపోయి గలగలమంటోంది, రాత్రి గాలేస్తే పడుకున్నవాణ్ణి లేచి కూర్చుంటున్నాను. మేఘం అనేది నేను చూసి నెలయింది. ఈ చలి పోతే మళ్లీ తడి దొరకదు. కాల్చకపోతే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. పుల్ల గీస్తే ఏమవుతుందో నాకు తెలుసు. జట్టులో కుర్రాళ్లిద్దరు "పెద్దమ్మ చూసిన మూడు చోట్లలో రెండు తడిగానే ఉన్నాయిగా" అన్నారు. వద్దన్నదంటే వద్దు అన్నాను. ఇంకేమీ అనలేదు. అందరూ నా వైపు చూశారు, నేను ఇంకా మాట్లాడతానేమోనని. తర్వాత ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు.

మీ అక్కకి చెప్పు, అగ్గిపెట్టె నా దగ్గరే ఉంది, తియ్యలేదు. ఆకాశం చూస్తూ కూర్చున్నాం.

బావ